ఏడు ప్రోగ్రాములకు ఏడు ఫోల్డర్లు అక్కర్లేదు

వర్షపాతం మొత్తం ఉండవలసిన దానిలో మూడో వంతే కనిపిస్తోందని మేము గుర్తించేసరికి 11 రోజులు గడిచిపోయాయి. అప్పట్లో నేను పనిచేసిన చోట, వాతావరణ కేంద్రాల నుంచి పావుగంటకొకసారి వచ్చే కొలతలను అందుకుని, సరిచూసి, భద్రపరచి, రోజువారీ పట్టికలు తీసే ఏడు చిన్న సి ప్రోగ్రాములు ఉండేవి. ఏ ప్రోగ్రామూ ఆగిపోలేదు, ఏ లాగ్‌లోనూ ఎర్రర్ పడలేదు, పట్టికలు రోజూ ఉదయం ఆరింటికి వేళ తప్పకుండా వెళ్తూనే ఉన్నాయి. వాటిలోని అంకెలు మాత్రం తప్పు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఆ ఏడు ప్రోగ్రాములను మేము విడివిడిగా ఉంచి విడివిడిగా కంపైల్ చేసుకుంటూ వచ్చిన పద్ధతే ఆ తప్పుకు మూలం.

ఏడింటికీ ఏడు ఫోల్డర్లు, ఒక్కో ఫోల్డరులో ఒక్కో మేక్‌ఫైల్, అంటే ఏ ఫైలు మారితే వేటిని మళ్లీ కంపైల్ చేయాలో మేక్ అనే పనిముట్టుకు చెప్పే ఫైలు. కొలతల రికార్డు ఏ రూపంలో ఉండాలో నిర్వచించే హెడర్ ఫైలు అన్నిటికీ కావలసిందే కనుక, ప్రతి ఫోల్డరులోనూ దాని నకలు ఒకటి ఉండేది. ఆ రికార్డు పొడవు 12 బైట్లు: కేంద్రం సంఖ్యకు 2, స్థితి గుర్తులకు 2, సమయానికి 4, వర్షపాతానికి 2, బ్యాటరీ వోల్టేజికి 2. ఒకరోజు గాలిలో తేమను కూడా నమోదు చేయాలని వర్షపాతానికీ బ్యాటరీకీ మధ్య మరో 2 బైట్ల గడి చేర్చాం. సమయం గడి 4 బైట్లది కాబట్టి కంపైలర్ మొత్తం రికార్డును నాలుగు గుణిజానికి సర్దుతూ, చివర 2 బైట్ల ఖాళీ వదిలి, 16 బైట్లు చేసింది. హెడర్ నకళ్లలో ఆరింటిని మార్చాం. పట్టికలు తీసే ప్రోగ్రాము ఫోల్డరులోని ఏడో నకలు పాతగానే మిగిలిపోయింది.

ఆ తర్వాత జరిగింది కాగితం మీద గడులు గీసుకుని చూస్తే గానీ మాకు బోధపడలేదు. ఫైలులో 16 బైట్లకొక రికార్డు ఉంటే పట్టికల ప్రోగ్రాము 12 బైట్లకొకటి చొప్పున చదువుతోంది. మొదటి రికార్డులో వర్షపాతం సరిగ్గానే వచ్చేది, బ్యాటరీ ఉండవలసిన చోట తేమ కనిపించేది. రెండోసారి చదివేటప్పుడు, మొదటి రికార్డులో మిగిలిపోయిన చివరి 4 బైట్లనే కొత్త కేంద్రం సంఖ్యగా, స్థితి గుర్తులుగా భావించేది. అలాంటి సంఖ్య గల కేంద్రం జాబితాలో లేదు కాబట్టి దాన్ని వదిలేసేది. కేంద్రాల నుంచి అప్పుడప్పుడు చెత్త డేటా వస్తుంటుంది, అలాంటివి చప్పుడు చేయకుండా వదిలేయాలని ఆ నియమం పెట్టింది మేమే. మూడోసారీ, నాలుగోసారీ అదే తంతు. 12కూ 16కూ కనిష్ఠ సామాన్య గుణిజం 48 కనుక ఐదోసారి చదివేటప్పటికి రెండు లెక్కలూ మళ్లీ ఒకేచోట కలుసుకునేవి. అంటే అసలు రికార్డులు మూడింటిలో ఒకటి సవ్యంగా చదవబడేది, రెండు మాయమయ్యేవి. మా కేంద్రాలు 40. అది మూడుతో నిశ్శేషంగా భాగింపబడే సంఖ్య అయి ఉంటే ఎప్పుడూ అవే కేంద్రాలు కనబడి, తక్కినవి పట్టికలో ఖాళీగా ఉండి, మొదటి ఉదయమే తప్పు దొరికిపోయేది. 40 కావడం వల్ల వంతు మారుతూ ప్రతి కేంద్రానికీ రోజుకు 96 కొలతల్లో 32 దాకా దక్కాయి. అన్ని వరుసల్లోనూ అంకెలు ఉన్నాయి, అవి నమ్మదగినట్టే ఉన్నాయి, పైగా అది చిరుజల్లుల కాలం.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా వినేవాళ్లు హెడర్‌ను నకలు చేయడమే తప్పంటారు. నిజమే. అయితే ఆ నకలు ఎందుకు పుట్టిందో కూడా ఆలోచించాలి. ఒక ప్రోగ్రాముకు ఒక ఫోల్డరు అని నియమం పెట్టుకున్న రోజునే, రెండు ప్రోగ్రాములకు ఉమ్మడిగా ఉన్న ఫైలు ఎవరి ఇంట్లో ఉండాలన్న ప్రశ్న పుడుతుంది. ఒకే ఇంటి మనుషుల చేత వేరు కాపురాలు పెట్టిస్తే ఒకే రోలు నాలుగిళ్లలో ఉండాల్సి వస్తుంది. ఒకే డేటాను చదివి రాసే చిన్న ప్రోగ్రాములన్నీ ఒకే సోర్సు డైరెక్టరీలో ఉండాలనీ, వాటన్నిటినీ ఒకే మేక్‌ఫైల్ కంపైల్ చేయాలనీ నేను ఇంత పట్టుదలగా వాదించడానికి కారణం ఇదే.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం తెలివైనదే. ఉమ్మడి ఫైళ్లకు ప్రత్యేకంగా ఒక ఫోల్డరు పెట్టి, తక్కిన ఏడు మేక్‌ఫైళ్లకూ దాని దారి చూపిస్తే సరిపోతుంది కదా అంటారు. నకళ్ల బెడద దానితో తీరుతుంది, కానీ దాని వెనకే ఇంకో సమస్య తలెత్తుతుంది. ఉమ్మడి ఫోల్డరులోని ఒక ఫైలు మారితే ఏయే ప్రోగ్రాములను మళ్లీ కట్టాలో ఎవరికి తెలుసు? ప్రతి మేక్‌ఫైల్‌కూ తన ఇంటి సంగతి తప్ప పక్కింటి సంగతి తెలియదు. అందుకని పైన ఒక పెద్ద మేక్‌ఫైల్ పెట్టి, అది ఒక్కొక్క ఫోల్డరులోకీ వెళ్లి అక్కడి మేక్‌ను నడిపేలా ఏర్పాటు చేస్తారు. ఏది ముందు, ఏది వెనక అన్న వరుసను అప్పుడు మనుషులే చేత్తో రాసి పెట్టాలి. సమయం కలిసొస్తుందని నాలుగైదు పనులు ఏకకాలంలో నడిపితే, రెండు మేక్‌లు ఒకే ఆబ్జెక్ట్ ఫైలును (ఒక సోర్సు ఫైలును కంపైల్ చేయగా వచ్చేదాన్ని) ఒకే క్షణంలో రాయడం మొదలుపెట్టవచ్చు. ఒకటి సగం రాసిన ఫైలును రెండోది లింకు చేయబోయి, అంటే తక్కిన ఆబ్జెక్టులతో కలిపి ప్రోగ్రాముగా కట్టబోయి, విఫలమవుతుంది. మళ్లీ నడిపితే పనిచేస్తుంది. ఎప్పుడు వస్తుందో, ఎందుకు పోతుందో తెలియని ఇలాంటి తప్పుల మీద వారాలు పోతాయి. ఫోల్డరుకొక మేక్‌ను నడిపే ఈ పద్ధతి ఎందుకు హానికరమో పీటర్ మిల్లర్ 1998లో అచ్చయిన ఒక వ్యాసంలో విడమరిచి చెప్పారు. ఆయన వాదన సారం చాలా సులువైనది: ఏది దేని మీద ఆధారపడి ఉందో తెలిపే పటాన్ని ముక్కలు చేసి, ఏ మేక్‌కూ పూర్తి పటం దక్కకుండా చేస్తే, ఏ మేక్ కూడా సరైన నిర్ణయం తీసుకోలేదు.

అసలు మేక్ పుట్టిందే ఇలాంటి పొరపాటు నుంచి. 1976లో బెల్ ల్యాబ్స్‌లో యాక్ పార్సర్ జనరేటర్ రాసిన స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా తప్పులేని ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ గడిపాడు. సోర్సులో తప్పు అప్పటికే సరిదిద్దబడింది, కానీ ఆ ఫైలు మళ్లీ కంపైల్ కాలేదు, లింకులోకి పాత ఆబ్జెక్టే వెళ్లింది. ఆ కోపంతో అతడు స్టువర్ట్ ఫెల్డ్‌మన్ గదిలోకి వెళ్లడం, అదే ఇబ్బందిని అంతకుముందే అనుభవించిన ఫెల్డ్‌మన్ ఒక వారాంతంలో మేక్‌ను రాయడం అందరికీ తెలిసిన కథే. 2003లో ఏసీఎం అనే కంప్యూటింగ్ సంస్థ సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డును ఫెల్డ్‌మన్‌కు ఇచ్చింది ఈ పనికే. ఆ కథలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునే చిన్న వివరం ఒకటుంది. డైరెక్టరీలో ఉన్న ఆబ్జెక్ట్ ఫైళ్లన్నిటినీ ఒక నక్షత్రపు గుర్తుతో గుత్తగా లింకు చేసే అలవాటు అక్కడ కనిపిస్తుంది. డైరెక్టరీలో ఒకే ప్రోగ్రాము ఉన్నంతవరకే ఆ నక్షత్రం పనిచేస్తుంది. రెండో ప్రోగ్రాము అడుగుపెట్టిన మరుక్షణం, ప్రోగ్రాము నడక మొదలయ్యే ఫంక్షన్ అయిన మెయిన్ రెండుసార్లు నిర్వచించబడిందని లింకర్ మొరపెడుతుంది. ఒక ప్రోగ్రాముకు ఒక ఫోల్డరన్న నియమానికి వేరు ఇక్కడే ఉందని నా నమ్మకం. నక్షత్రం గుర్తును వదులుకోలేక చాలామంది ఫోల్డర్లను పెంచుకుంటూ పోయారు.

ఆ నక్షత్రాన్ని వదులుకుంటే చేయవలసింది చాలా తక్కువ. డైరెక్టరీలోని సోర్సు ఫైళ్లను రెండు జాతులుగా చూడాలి. మెయిన్ ఉన్నవి ఒక జాతి, లేనివి ఇంకొకటి. మెయిన్ లేని ఫైళ్లన్నిటినీ ఒక్కసారి కంపైల్ చేసి, ఆ ఆబ్జెక్టులన్నిటినీ ఒక స్టాటిక్ లైబ్రరీ అనే ఒకే మూటగా కట్టాలి. మెయిన్ ఉన్న ప్రతి ఫైలునూ కంపైల్ చేసి ఆ లైబ్రరీతో లింకు చేయాలి. మేక్‌ఫైల్‌లో ప్రోగ్రాముల పేర్లకు ఒక వరుస, ఉమ్మడి ఫైళ్లకు ఒక వరుస, ప్రోగ్రాము ఎలా కట్టాలో చెప్పే నమూనా సూత్రం ఒకటి. ఏడు ప్రోగ్రాములున్నా ఇరవై ఉన్నా ఆ సూత్రం ఒక్కటే. లైబ్రరీని చూసి భయపడేవాళ్లు కొందరుంటారు: అవసరం లేని కోడ్ అంతా ప్రతి ప్రోగ్రాములోకీ వచ్చి చేరుతుంది కదా అని. అలా జరగదు. లింకర్ స్టాటిక్ లైబ్రరీని గోదాములా చూస్తుంది. అప్పటిదాకా తీరని పేరు ఏదైనా ఉంటే, ఆ పేరును నిర్వచించే ఆబ్జెక్ట్‌ను మాత్రమే అందులోంచి తీసుకుంటుంది. అందుకే లింకు ఆదేశంలో ప్రోగ్రాము ఆబ్జెక్ట్ ముందూ లైబ్రరీ వెనకా ఉండాలి. ముందుగా లైబ్రరీ ఎదురైతే అప్పటికి తీర్చవలసిన పేర్లేమీ ఉండవు కనుక లింకర్ దాన్ని దాటుకుని వెళ్లిపోతుంది. ఈ వరుస తెలియక గంటలు పోగొట్టుకున్న కొత్తవాళ్లను నేను చాలామందిని చూశాను, కాబట్టి తెలిసినవాళ్లకు విసుగనిపించినా దీన్ని ప్రతిచోటా చెబుతూనే ఉంటాను.

ఇక హెడర్ల సంగతి. ఏ సోర్సు ఫైలు ఏ హెడర్లను చదువుతుందో మనిషి చేత్తో రాసే జాబితా ఎన్నాళ్లో నిలవదు. జీసీసీ, క్లాంగ్ అనే కంపైలర్లు రెండూ కంపైల్ చేస్తున్నప్పుడే ఆ జాబితాను మేక్‌కు అర్థమయ్యే రూపంలో పక్కన ఒక చిన్న ఫైలుగా రాసి పెడతాయి. మైనస్ ఎంఎండీ అనే ఫ్లాగు ఒకటి ఇస్తే చాలు. దానితోపాటు మైనస్ ఎంపీ కూడా ఇస్తే, తర్వాతెప్పుడైనా ఒక హెడర్‌ను తొలగించినప్పుడు అది కనబడలేదని మేక్ మొరాయించదు. ఈ రెండు ఫ్లాగులూ ఒకే డైరెక్టరీలో, ఒకే మేక్‌ఫైల్ కింద ఉన్నప్పుడు వాటి విలువ పూర్తిగా దక్కుతుంది. రికార్డు హెడర్‌ను ఎవరు ముట్టుకున్నా, దాన్ని చదివే ప్రతి ప్రోగ్రామూ, ఎవరూ గుర్తు చేయకపోయినా, తిరిగి కంపైల్ అవుతుంది. మా 11 రోజుల వెనక లోపించింది సరిగ్గా ఇదే.

ఒకే డైరెక్టరీలో అనేక ప్రోగ్రాములంటే ఏదో చిన్న స్థాయి వ్యవహారమని కొట్టిపారేసేవాళ్లను నేను గ్నూ కోర్‌యుటిల్స్ సోర్సు ఒకసారి తెరచి చూడమంటాను. లైనక్స్‌లో మనం రోజూ వాడే ఆదేశాలు సుమారు వంద ఆ ప్యాకేజీలో ఉంటాయి, వాటి సోర్సు ఒకే ఎస్‌ఆర్‌సీ డైరెక్టరీలో ఉంటుంది. ఫైళ్లను కాపీ చేసే సీపీ, తరలించే ఎంవీ, స్థాపించే ఇన్‌స్టాల్, మూడింటికీ కాపీ పని చేసేది ఒకే ఉమ్మడి ఫైలు. ఎంవీకి ఒక ఫైల్ సిస్టమ్ నుంచి ఇంకోదానికి తరలించాక పాతదాన్ని తీసేయడం కూడా అవసరం కాబట్టి, ఆర్‌ఎమ్ వాడే తొలగింపు ఫైలునే అదీ వాడుకుంటుంది. ఎల్‌ఎస్, డిర్, విడిర్ అనే మూడు ఆదేశాలకు అసలు సోర్సు ఒక్కటే. తేడా చూపేవి మూడు బుల్లి ఫైళ్లు. ఒక్కొక్కదానిలో ఒక హెడర్‌ను పిలిచే వరుస, నేను ఫలానా తీరులో పనిచేయాలి అని ఒక చరరాశికి విలువ ఇచ్చే వరుస తప్ప మరేమీ లేవు. అన్నిటికన్నా అందమైనది ఫాల్స్ ఆదేశం. దాని సోర్సు రెండే వరుసలు. మొదటి వరుస ముగింపు విలువను వైఫల్యంగా నిర్వచిస్తుంది, రెండో వరుస ట్రూ ఆదేశం సోర్సును మొత్తంగా లోపలికి తెచ్చుకుంటుంది. దశాబ్దాలుగా ప్రపంచమంతా వాడుతున్న ప్రోగ్రాములను ఇంత పొదుపుగా, పక్కపక్కనే ఉంచి నిర్వహిస్తున్నవాళ్లు క్రమశిక్షణ తెలియనివాళ్లని ఎవరూ అనలేరు.

అదే డైరెక్టరీలో కష్టమైన సందర్భం కూడా ఒకటి కనిపిస్తుంది. ఫైలుకు హాష్ అనే వేలిముద్ర లాంటి విలువను లెక్కించే ఎండీ5సమ్, షా1సమ్, షా256సమ్ వంటి ఆదేశాలన్నీ ఒకే సోర్సు ఫైలు నుంచి పుడతాయి. ఏ హాష్ పద్ధతి కావాలో కంపైల్ చేసేటప్పుడు ఒక మాక్రో ద్వారా చెబుతారు. ఒకే సోర్సు, వేర్వేరు ఫ్లాగులు అన్నమాట. ఇక్కడ జాగ్రత్త పడకపోతే చేయి కాలుతుంది. మేక్ చూసేది ఫైళ్ల సమయాలను మాత్రమే, ఆ ఆబ్జెక్ట్‌ను ఏ ఫ్లాగులతో కంపైల్ చేశారో దానికి పట్టదు. రెండు ప్రోగ్రాములూ ఒకే పేరు గల ఆబ్జెక్ట్‌ను కోరుకుంటే, మొదట ఎవరు కంపైల్ చేయిస్తే వాళ్ల రూపమే రెండోవాళ్లకూ అంటగట్టబడుతుంది. మేక్‌ఫైళ్లను తయారుచేసి ఇచ్చే ఆటోమేక్ ఈ చిక్కును చక్కగా విప్పింది: ఒక ప్రోగ్రాముకు ప్రత్యేకమైన ఫ్లాగులు ఇస్తే, దాని ఆబ్జెక్ట్ ఫైళ్ల పేర్లకు ముందు ఆ ప్రోగ్రాము పేరును తగిలిస్తుంది, దానితో ఒకే సోర్సు నుంచి ఎన్ని రూపాలు పుట్టినా ఒకదాని మీద ఒకటి పడవు. చేత్తో మేక్‌ఫైల్ రాసుకునేవాళ్లు కూడా ఇదే పని చేయాలి. అలాంటిదే మరో పనిముట్టు సీమేక్‌లో ప్రతి ప్రోగ్రామూ తన ఆబ్జెక్టులను తన అరలోనే దాచుకుంటుంది కాబట్టి ఈ ప్రమాదం ఉండదు, కానీ అందుకు మూల్యంగా ఉమ్మడి ఫైలు ప్రతి ప్రోగ్రాముకూ ఒకసారి చొప్పున కంపైల్ అవుతుంది. లైబ్రరీగా ప్రకటిస్తేనే ఒక్కసారితో సరిపోతుంది.

నా మటుకు నేను, ఎల్‌ఎస్ కుటుంబం పాటించిన పద్ధతినే ముందు ప్రయత్నించాలంటాను. ప్రోగ్రాముల మధ్య తేడాను ఒక చిన్న ఫైలులో, ఒక విలువగా ఉంచితే, ఉమ్మడి కోడ్ ఒక్కసారే కంపైల్ అవుతుంది, ఒక్కసారే పరీక్షించబడుతుంది. మాక్రోలతో చీల్చిన కోడ్‌లో ఒక రూపానికి సరిపోయిన దిద్దుబాటు ఇంకో రూపంలో అసలు కంపైల్ అవుతుందో లేదో కూడా, దాన్ని కట్టేదాకా తెలియదు. ఒకే ఫైలులో నాలుగు మాక్రోలు చేరితే పదహారు రూపాలకు అవకాశం ఉంది, పదహారూ కట్టి చూసేవాళ్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. హాష్‌ల విషయంలో మాక్రో సమంజసమే, ఎందుకంటే అక్కడ పిలవవలసిన ఫంక్షన్లు, ఫలితం పొడవు అన్నీ కలిసికట్టుగా, ఒకే ఎంపికతో మారతాయి.

కొత్త తరం పనిముట్లు నా వాదనకు ఎదురు నిలుస్తాయని కొందరంటారు. గో భాషలో ఒక డైరెక్టరీ అంటే ఒక ప్యాకేజీ, అందులో రెండు మెయిన్‌లు ఉండటానికి వీల్లేదు, కాబట్టి ప్రతి ప్రోగ్రాముకూ ఒక ఉపడైరెక్టరీ తప్పదు. కానీ అవన్నీ ఒకే మాడ్యూల్‌లో ఉంటాయి, ఒకే ఆదేశంతో కట్టబడతాయి, ఏది దేని మీద ఆధారపడిందో గో పనిముట్టుకు మొత్తంగా తెలుసు. రస్ట్ భాషలో ప్రోగ్రాములను కట్టే పనిముట్టు కార్గో ఇంకా ముచ్చటైన ఏర్పాటు చేసింది: ఎస్‌ఆర్‌సీ లోపల బిన్ అనే డైరెక్టరీలో ఎన్ని ఫైళ్లు పెడితే అన్ని ప్రోగ్రాములు పుడతాయి, పక్కనే ఉన్న లైబ్రరీ అన్నిటికీ ఉమ్మడి. నేను పైన మేక్‌తో కట్టమన్న ఇల్లు కూడా సరిగ్గా ఇదే. పటం ఒక్కటిగా ఉండాలన్నదే నా పట్టుదల, ఆ పటాన్ని మేక్ గీసినా కార్గో గీసినా నాకు సమ్మతమే.

ఒకే డైరెక్టరీలో ఒకే ప్రోగ్రాము ఉండాలనేవాళ్లను నేను ఒక ప్రశ్న అడుగుతుంటాను. మీ పరీక్షలు ఎక్కడున్నాయి? ఒక ఫంక్షన్‌ను పరీక్షించడానికి రాసిన ఫైలుకు కూడా ఒక మెయిన్ ఉంటుంది, అదీ ఒక ప్రోగ్రామే, అసలు ప్రోగ్రాము వాడే కోడ్‌నే అదీ లింకు చేసుకోవాలి. మొదటి పరీక్ష రాసిన రోజే మీ ప్రాజెక్టులో రెండో ప్రోగ్రాము పుట్టింది. ఉమ్మడి కోడ్ లైబ్రరీగా లేకపోతే ఆ పరీక్ష రాయడం కష్టమవుతుంది, కష్టమైనది వాయిదా పడుతుంది. మా పట్టికల ప్రోగ్రాముకు పరీక్ష లేకపోవడానికి కారణం బద్ధకం కాదు; రికార్డును చదివే ఫంక్షన్ మెయిన్ ఉన్న ఫైలులోనే ఇరుక్కుని ఉండటం వల్ల దాన్ని వేరే ప్రోగ్రాము నుంచి పిలవడానికి దారే లేదు.

వేరు చేయవలసిన సందర్భాలు లేవని కాదు. విడుదల వేళలు వేరైనప్పుడు, లైసెన్సులు వేరైనప్పుడు, పంచుకునే కోడ్ ఏమీ లేనప్పుడు విడివిడిగా ఉండటమే మంచిది. ఇంజనీరింగ్ కాలేజీ సి ల్యాబ్‌లో లాగా ఒక్కొక్కటీ ఒకే ఫైలుతో ముగిసే అభ్యాసాలైతే అసలు మేక్‌ఫైలే అక్కర్లేదు. మేక్ తర్వాత ప్రోగ్రాము పేరు కొడితే, తనకు పుట్టుకతో తెలిసిన సూత్రంతో అది ఆ పేరు గల సి ఫైలును వెతికి కంపైల్ చేసేస్తుంది. ఇది తెలియని విద్యార్థులు ప్రతి అభ్యాసానికీ ఒక ఫోల్డరు, ఒక ప్రాజెక్టు సృష్టించుకోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది.

పదకొండు రోజుల ఆ తప్పు బయటపడిన వారమే మేము ఏడు ఫోల్డర్లనూ ఒకటిగా కలిపాం. ఏడు నకళ్లలో ఆరు చెరిపేశాం. మెయిన్‌లు ఉన్న ఏడు ఫైళ్లు, ఉమ్మడి ఫైళ్లు ఐదు, హెడర్లు మూడు, మేక్‌ఫైల్ ఒకటి మిగిలాయి. రికార్డు హెడర్‌లో, పొడవు 16 బైట్లు కాకపోతే కంపైలర్ అక్కడికక్కడే ఆగిపోయేలా ఒక నిర్ధారణ వరుస చేర్చాం. కొన్ని నెలల తర్వాత గాలి వేగం కూడా నమోదు చేయవలసి వచ్చింది. రికార్డు చివర కంపైలర్ వదిలిన 2 బైట్ల ఖాళీలో దాన్ని ఇమిడ్చి, హెడర్‌ను భద్రపరచి, మేక్ అని కొట్టాం. తెర మీద పన్నెండు కంపైళ్లు, ఒక లైబ్రరీ, ఏడు లింకులు, మొత్తం ఇరవై వరుసలు కదిలాయి. పట్టికల ప్రోగ్రాము పేరు పందొమ్మిదో వరుసలో వచ్చింది.